గుంపు, సంత, సభ, సంఘము: కెమెరా నేర్పు పాఠము

ఈ సంచికయందు పండితులు ధర్మమును గూర్చియు, పెద్దలు చరిత్రను గూర్చియు వ్రాయుదురు. నేను పదవ తరగతి వరకు చదివి, ఆపై దుకాణమున కూర్చున్నవాడను. నాకు చేతనైనవి రెండే. ఒకటి లెక్క వ్రాయుట, రెండవది తీరిక వేళ ఫోటో తీయుట. ఈ రెండింటి సాయముతో “కూడుట” అను ఒక చిన్న మాటను గూర్చి నాలుగు సంగతులు మనవి చేయుదును. మన సంఘములో కెమెరాయో, కెమెరా గల సెల్‌ఫోనో లేని ఇల్లు నేడు లేదు. కనుక ఇది అందరికిని పనికివచ్చు విషయమేయని నా నమ్మకము.

మాటలు ఎన్ని, అర్థములు ఎన్ని

కూడుట నుండి తెలుగున ఎన్ని మాటలు పుట్టినవో చూడుడు. అంకెలు కూడిన కూడిక. దారులు కూడిన కూడలి. మనుషులు కూడిన కూటము. పార్టీలు కూడిన కూటమి. విడి భాగములను చేర్చిన కూర్పు. ఇవిగాక సంస్కృతమునుండి వచ్చినవి మరికొన్ని కలవు: సభ, సమితి, పరిషత్తు, సంఘము, గోష్ఠి, సమ్మేళనము. గోష్ఠి యను మాటకు మూలము గోష్ఠము, అనగా ఆవులు నిలుచు చోటు. మందగా నిలిచిన పశువులనుండి పండితుల చర్చ వరకు ఆ మాట నడచి వచ్చినది. నదులు కూడిన చోటు సంగమము. మా ప్రాంతపు వార్ధా నది తుమ్మిడిహెట్టి కడ వైనగంగతో కలిసి ప్రాణహిత యగుచున్నది.

ఇంగ్లీషునుండి వచ్చిన “అసెంబ్లీ” అను ఒక్క మాటకే మా ఊరిలో మూడు అర్థములు కలవు. బడి పిల్లవానికి అది ఉదయపు ప్రార్థన. ఎన్నికల వేళ అది శాసనసభ. మోటారు మెకానికుకు అది విడదీసిన ఇంజనును మరల కూర్చుట.

ఇన్ని మాటలెందుకు, ఒకటి చాలదా యని అనిపించవచ్చును. చాలదని కెమెరా చెప్పుచున్నది. గుంపును తీయుటకు నిలువవలసిన చోటు వేరు, సంతను తీయుటకు వేరు, సభను తీయుటకు వేరు. అన్నింటిని ఒకే చోట నిలిచి తీసినవాడు అన్నింటిని గుంపుగానే చూపును.

మా ఊరి సంగతి

లక్కడ్‌కోట్ అను మా ఊరు చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకాలోనిది. ఆసిఫాబాదు నుండి వాంకిడి మీదుగా రాజురా పోవు దారిలో తెలంగాణ సరిహద్దు దాటిన చోట నున్నది. లక్కడ్ అనగా కట్టె, కోట్ అనగా కోట. ఇచట దుకాణము ముందు పది మంది నిలిచినచో తెలుగు, మరాఠీ, గోండీ, హిందీ నాలుగును వినబడును.

1956 వరకు రాజురా తాలూకా హైదరాబాదు రాష్ట్రమున ఆదిలాబాదు జిల్లాలో నుండెను. ఆ సంవత్సరము రాష్ట్రముల పునర్విభజనలో బొంబాయి రాష్ట్రమునకు, నాందేడు జిల్లాకు పోయెను. 1959లో అప్పటి చాందా జిల్లాలో చేరెను. 1960లో మహారాష్ట్ర ఏర్పడెను. ఈ నాలుగేండ్లలో ఇచటి మనుషులు ఇల్లు కదలలేదు, పొలము కదలలేదు. వారిని ఏ లెక్కలో కూడవలెనో ఆ లెక్క మాత్రము మారెను. అందుచేత ఎవరు ఎవరితో కూడినట్లు అను ప్రశ్న మాకు పుస్తకములోని ప్రశ్న కాదు.

గుంపు

ఫోటోగ్రఫీ పుట్టిన తొలి దినములలోనే గుంపును గూర్చి ఒక పాఠము దొరికినది. 1838లో ఫ్రాన్సు దేశస్థుడైన డాగేరు పారిస్ నగరమున ఒక పెద్ద వీధిని మేడమీది నుండి ఫోటో తీసెను. బండ్లతోను జనముతోను కిటకిటలాడు వీధి యది. కాని ఆనాటి ఫలకముపై బొమ్మ పడుటకు కొన్ని నిమిషములు పట్టెడిది. కదలుచున్న బండ్లు, గుర్రములు, మనుషులు ఏదియు పడలేదు. వీధి ఖాళీగా కనబడును. ఒక మూల బూట్లు పాలిషు చేయించుకొనుచు కదలక నిలిచిన ఒక మనిషియు, అతని కాళ్ళకడ పాలిషు చేయువాని మసక ఆకారమును మాత్రము నిలిచినవి. ఫోటోలో పడిన తొలి మనుషులు వారేయని చెప్పుదురు.

పదేండ్ల తరువాత, 1848 ఏప్రిల్ 10న, లండనులోని కెన్నింగ్టన్ మైదానమున ఓటుహక్కు కోరుచు చార్టిస్టులు పెద్ద సభ జరిపిరి. దానిని విలియం కిల్‌బర్న్ అను అతడు ఫోటో తీసెను. పెద్ద జనసమూహమును చూపిన తొలి ఫోటోలలో అది యొకటి. అందు టోపీలును వీపులును కనబడును. ఎవరు ఎవరో ఆనవాలు పట్టుట కష్టము.

వ్యాపారి భాషలో చెప్పవలెనన్న, ఇది పద్దులు లేని మొత్తము. ఎంత మంది వచ్చిరో తెలియును, ఎవరు వచ్చిరో తెలియదు. మొత్తమునకు విలువ లేదని నేననను. జనము ఎంతగా వచ్చిరో చూపుటకు మేడ ఎక్కి ఒక ఫోటో తీయవలసినదే. కాని చిట్టాలో పద్దులు వ్రాయక మొత్తము మాత్రమే వ్రాసిన వ్యాపారిని ఎవరును నమ్మరు. మేడమీదినుండి ఒకటి తీసినవాడు క్రిందికి దిగి దగ్గరనుండి పది తీయవలెను. అప్పుడే ఆ మొత్తమునకు ఆధారము దొరకును.

సంత

సంతలోను జనమే, కాని అది గుంపు కాదు. సంత యనగా ఇద్దరిద్దరుగా కూడిన కూటము. అమ్మువాడొకడు, కొనువాడొకడు, నడుమ తక్కెడ. దానికి అధ్యక్షుడు లేడు, వేదిక లేదు, ముందు వరుస లేదు. అందుచేత మేడమీదినుండి తీసిన సంత వట్టి తలపాగాల రాశియగును. తక్కెడ ఎత్తున కూర్చుండి తీసినచో సంత కనబడును: డబ్బులు లెక్కించు వ్రేళ్ళు, తూకపు ముల్లును చూచు కన్ను, పిల్లవాని చేతికి కొసరుగా వేసిన నాలుగు రేగుపండ్లు.

వెలుతురు విషయము కూడ చెప్పవలెను. మిట్టమధ్యాహ్నము తలపాగా నీడ ముఖమును కప్పివేయును. ఉదయము పొద్దెక్కక ముందును, సాయంత్రము ఎండ వాలిన తరువాతను ముఖములు చక్కగా పడును. సరుకు చేత పట్టకముందు ధర అడిగినట్లే, ముఖము తీయకముందు అనుమతి అడుగవలెను. బేరము నడుచుచుండగా “అమ్మా, ఇటు చూడు” అని పిలువరాదు. ఆ క్షణమున ఆమె చూపు తూకముపై నుండవలెను. మన ఫోటో కొరకు ఆమె నష్టపోవుట న్యాయము కాదు.

జాతర, యాత్ర

జాతర అను మాట యాత్రనుండి వచ్చినది. యాత్ర యనగా పోవుట. కాని మనలో చాలమంది చేరిన చోటనే ఫోటో తీయుదురు, నడకను తీయరు.

ఆదిలాబాదు జిల్లా కేస్లాపూర్‌లో పుష్య అమావాస్య నాడు జరుగు నాగోబా జాతరను చూచినవారికి ఈ సంగతి తెలియును. మెస్రం వంశపు గోండులు జాతరకు ముందుగనే కాలినడకన బయలుదేరి, జన్నారం మండలము కలమడుగు దగ్గర గోదావరిలోని హస్తినమడుగు నుండి జలము తెచ్చుదురు. ఆ జలముతోనే నాగోబాకు అభిషేకము. జాతరను దేవుని గుడి ముందు మాత్రమే తీసినవాడు దానిలో సగమును వదలిపెట్టినట్లు.

ఆ జాతరలో మరియొక ఆచారమున్నది. వంశమునకు క్రొత్తగా వచ్చిన కోడళ్ళను దేవునికిని పెద్దలకును పరిచయము చేయుదురు. దానిని భేటింగ్ అందురు. అంతవరకు జనములో ఒకతెగా నున్న పిల్ల అప్పటినుండి వంశములో ఒకతె యగును. జనము వంశముగా మారు ఆ ఘడియ ఫోటో తీయువాడు గమనింపదగినది.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము నేలకొరిగెను. ఆపై గోండుల కష్టములకు కారణమేమో తెలిసికొనుటకు నిజాము ప్రభుత్వము క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుని పంపెను. ఆయన ఆస్ట్రియాలో పుట్టినవాడు. అధికారులు జాతరకు వచ్చి ప్రజల మొర వినవలెనని ఆ దశాబ్దములోనే ఆయన నాగోబా దర్బారును ఏర్పాటు చేయించెను. ఆ దర్బారు నేటికిని జరుగుచున్నది. మ్రొక్కు తీర్చుకొనుటకు కూడిన జాతర, మొర చెప్పుకొను సభ కూడ ఆయెను.

హైమన్‌డార్ఫ్ వృత్తిచేత ఫోటోగ్రాఫరు కాడు. తన పని కొరకు కెమెరా పట్టినవాడు. ఆయన తీసిన వేలకొలది ఫోటోలు లండను విశ్వవిద్యాలయమునకు చెందిన ప్రాచ్య, ఆఫ్రికా విద్యల సంస్థలో నేడు భద్రముగా నున్నవి. వానిలో అనేకములకు ఊరు, సందర్భము, కాలము వ్రాసియున్నవి. ఆ వ్రాత లేకున్న అవి వట్టి వింత బొమ్మలుగా మిగిలెడివి.

మన వారి యాత్రకును ఇదే వర్తించును. మనవారు మా జిల్లాలోని భద్రావతికో, తెలంగాణలోని కొలనుపాకకో కలిసి పోయినప్పుడు ఆ బయలుదేరిన సమూహమునకే సంఘమని పేరు. దానిని తన ఖర్చుతో నడిపించినవాడు సంఘపతి. సంఘ్వీ యను ఇంటిపేరు ఆ విధముగనే వచ్చినది. కూడి నడచుట ఒక ఇంటిపేరుగా నిలిచినది.

సభ

అథర్వవేదము సభను, సమితిని ప్రజాపతికి ఇద్దరు కుమార్తెలుగా చెప్పుచున్నది. అంతటి గౌరవము గల సభను మన ఫోటోలు ఏ విధముగా చూపుచున్నవి? ఏ ఉత్సవపు ఆల్బమునైనను తెరచి చూడుడు. ఇరువది ఫోటోలుండిన పదునెనిమిది వేదికవే. దండ వేయుట, శాలువ కప్పుట, దీపము వెలిగించుట, మరల దండ వేయుట. వినుటకు వచ్చినవారు ఏ మూలనో మసకగా నుందురు.

వేదిక సభ కాదు. వేదిక లేకున్నను సభ జరుగును. వినువారు లేకున్న జరుగదు. కనుక ఫోటో తీయువాడు ఒక్కసారియైనను వేదిక ప్రక్కకు పోయి, వెనుకకు తిరిగి, వినువారిని తీయవలెను. నోరు తెరచి వినుచున్న పిల్ల, కునుకు తీయుచున్న తాత, చెవి దగ్గర చేయి పెట్టుకొన్న అవ్వ, వీరు కనబడినప్పుడే ఉపన్యాసము ఎట్లుండెనో తెలియును.

చంద్రపూర్ చరిత్రలో ఒక గొప్ప కూటము 1956 అక్టోబరు 16న జరిగినది. రెండు దినములకు ముందు నాగపూర్‌లో బౌద్ధ దీక్ష స్వీకరించిన డాక్టర్ అంబేద్కర్ ఆ నాడు చాందాకు వచ్చి వేలమందికి దీక్ష నిచ్చెను. ఆ స్థలము దీక్షాభూమిగా నిలిచినది, నేటికిని ప్రతి అక్టోబరులో జనము అచట కూడుచుందురు. అది ఒకడు పలికి పదిమంది వినిన సభ కాదు. వచ్చిన ప్రతి మనిషియు తన నోట ప్రతిజ్ఞ పలికినప్పుడే దీక్ష యగును. అట్టి సభలో వేదికకంటె వరుసలే ముఖ్యము.

ఇక శాసనసభ. మా తాలూకాకు ఆనుకొనియున్న జీవతి తాలూకా కొండలపై పరందోళి, ముకదంగూడ, అంతాపూర్ మొదలగు కొన్ని ఊళ్ళున్నవి. వానిని మహారాష్ట్ర తనదనును, తెలంగాణ కెరమెరి మండలములోనివి యనును. ఆ ఊళ్ళలో రెండు ఓటరు కార్డులు, రెండు రేషను కార్డులు గలవారున్నారని పత్రికలు ఎన్నోమార్లు వ్రాసినవి. రెండు శాసనసభలు ఒకే ఊరిని లెక్కించుచున్నవి. అయినను భూమి పట్టా విషయము వచ్చినప్పుడు ఆ ఊరివారు ఏ సభ గుమ్మము ఎక్కవలెనో తెలియక తిరుగుచున్నారు. రెండు లెక్కలలో పేరుండుట వేరు, ఒకచోటనైనను మన మాట వినబడుట వేరు.

గ్రూపు ఫోటో

మనలో కెమెరా పట్టువారందరును తెలిసికొనదగిన పేరు రాజా దీన్‌దయాళ్. ఆయన 1844లో మీరటు దగ్గరి సర్ధనాలో జైన కుటుంబమున పుట్టెను. రూర్కీలో ఇంజనీరింగు చదివి ఇండోరులో ప్రజాపనుల శాఖలో ఉద్యోగిగా నుండెను. 1874 ప్రాంతమున ఉద్యోగము చేయుచునే సరదాగా ఫోటోగ్రఫీ నేర్చుకొనెను. అనగా ఆయనయు మనవలె తీరిక వేళ మొదలుపెట్టినవాడే. తరువాత సికింద్రాబాదులో స్టూడియో తెరచి, ఆరవ నిజాముకు ఆస్థాన ఫోటోగ్రాఫరై, 1905లో స్వర్గస్థుడాయెను. ఆయన స్టూడియోకు చెందిన 2857 గాజు నెగటివులు నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రములో నున్నవి.

ఆయన తీసిన దర్బారులును, విందులును, వేటలును గ్రూపు ఫోటోలకు పాఠములు. ఎవరు నడుమ కూర్చుండవలెను, ఎవరు వెనుక నిలువవలెను, ఎవరి చేయి ఎచట నుండవలెను అన్నియు లెక్క ప్రకారము నుండును. కాని నాకు అంతకంటె గొప్పగా తోచినది మరియొకటి. 1892లో ఆయన హైదరాబాదులో ఘోషా స్త్రీల కొరకు ప్రత్యేకముగా ఒక జనానా స్టూడియో నెలకొల్పి, దానిని ఒక ఆంగ్ల స్త్రీ చేతికి అప్పగించెను. అంతవరకు ఏ కూటపు ఫోటోలోను కనబడని ఇంటి ఆడవారు కనబడుటకు దారి చేసెను.

నేటి మన ఉత్సవములలో ఘోషా లేదు. అయినను గ్రూపు ఫోటో తీయువేళ స్త్రీలు వంటశాలలో నుందురు. వడ్డించువారు, నీళ్ళు మోయువారు, పాత్రలు తోమువారు కూడ అచటనే యుందురు. ఫోటో తీసి, “అందరును వచ్చిరి” అని క్రింద వ్రాయుదుము. భోజనములు ముగిసిన తరువాత ఫోటో పెట్టుకొన్నచో ఈ లోపము తీరును.

వరుసల విషయములో ఒక చిన్న సూత్రము చెప్పుదును. ముందు వరుస నేలపై, నడిమి వరుస కుర్చీలపై, వెనుక వరుస నిలుచుండి యుండవలెను. తీయుటకు ముందు అందరితో ఇట్లనవలెను: “మీకు కెమెరా కనబడుచున్నదా? మీకది కనబడకున్న మీరు దానికి కనబడరు.” అంతట ఎవరికి వారే కొంచెము జరిగి సర్దుకొందురు. ఆపై ముఖములు లెక్కింపవలెను. ముప్పది తలలుండి ఇరువది తొమ్మిది ముఖములుండిన, ఇంకను తీయరాదు.

మా ఇంటి ఫోటో

మా ఇంట ఒక పాత ఫోటో ఉన్నది. మా నాయనగారి అగ్ఫా క్లిక్ త్రీ కెమెరాతో తీసినది. ఒక రీలుకు పన్నెండు బొమ్మలు మాత్రమే వచ్చెడివి కనుక బటను నొక్కుటకు ముందు ఆయన చాల ఆలోచించెడివారు. దసరా నాడు దుకాణము ముందు అందరిని నిలిపి తీసిరి. సూర్యుని వీపువైపు నుంచుకొని తీయవలెనని అప్పటి నియమము. అందుచేత ముందు వరుస కాళ్ళ దగ్గర నేలపై తల, భుజములు గల ఒక నీడ పడియున్నది. ఆ నీడ మా నాయనగారిదే. ఫోటోలో ముప్పదియొక్క మంది, వారితో ఆయన నీడ.

ఆయన పోయిన తరువాత దానిని పెద్దదిగా చేయించి గోడకు తగిలించితిని. పేర్లు వ్రాయుదమని కూర్చుండగా నాకు పదకొండు మంది మాత్రమే తెలిసిరి. వారు మా బంధువులు, ఇరుగుపొరుగు వ్యాపారులు. తక్కిన ఇరువది మంది ఎవరు?

దుకాణమునకు వచ్చు పెద్దలకు ఆ ఫోటో చూపుట మొదలుపెట్టితిని. ఒకనాడు జొన్నలకు వచ్చిన ఒక అవ్వ ఫోటో దగ్గరకు పోయి, “సేటూ, గా మూలకు నిలబడ్డది మా అత్త గదా!” అని కొంగుతో అద్దము తుడిచినది. ఆ అత్త మా దుకాణములో ధాన్యము చెరిగెడిదట. ఒక గోండు తాత ఎడ్లబండి తోలువానిని గుర్తించి, ఆ ఎడ్ల పేర్లు కూడ చెప్పినాడు. బండివాని పేరు చెప్పుటకు మాత్రము ఆయన కొంతసేపు ఆలోచింపవలసి వచ్చెను. ఒక మరాఠీ మాస్టరుగారు రెండవ వరుసలోని ఇద్దరు పిల్లలను చూపి, ఒకడు తానే యనిరి. ఈ విధముగా మూడేండ్లలో ఇరువది నాలుగు పేర్లు దొరికినవి. ఇంకను ఏడుగురు మిగిలియున్నారు. చెప్పగలవారు ఏటేట తగ్గిపోవుచున్నారు.

నేను గ్రహించినది ఇది. మా నాయనగారు ఆ నాడు గుంపును తీయలేదు. హమాలీని, చెరుగు మనిషిని, బండివానిని, యజమానిని ఒకే వరుసల్లో నిలిపి, ఎవరి ముఖమును మరుగుపడకుండ తీసిరి. ఆయన దృష్టిలో అది ఒక సంఘము. పేర్లు పోవుటచేత మా దృష్టికి అది గుంపుగా మారినది. పేరు దొరికినకొలది మరల సంఘమగుచున్నది.

సమవసరణము

కూడుటను గూర్చి మన సంప్రదాయమునందు అన్నింటికంటె పెద్ద చిత్రము సమవసరణము. శ్వేతాంబర వర్ణన ప్రకారము దానికి మూడు ప్రాకారములు. వెలుపలిది వెండిది, నడిమిది బంగారుది, లోపలిది రత్నములది. వెలుపల వాహనములు నిలుచును, నడుమ పశుపక్షులు జాతివైరము మాని కూర్చుండును, లోపల పన్నెండు పరిషత్తులు. తీర్థంకరుడు తూర్పు ముఖముగా కూర్చుండగా తక్కిన మూడు దిక్కులయందును ఆయన ప్రతిరూపములు కనబడును. కనుక ఎచట కూర్చున్నవారికైనను ఆయన ముఖమే కనబడును, వీపు కనబడదు. ఆయన పలుకు ఎవరి భాషలో వారికి అర్థమగును.

కెమెరా పట్టి ఎన్నో సభలలో తిరిగిన పిదప ఈ వర్ణన నాకు క్రొత్తగా బోధపడినది. వెనుక వరుసవాడు లేని సభ యది. ముందు కూర్చున్నవాని తల ఎవరికిని అడ్డురాదు. నాలుగు భాషల ఊరిలో నున్న మాకు “ఎవరి భాషలో వారికి” అను మాట విలువ మరియు బాగుగా తెలియును. మన కెమెరాకు ముఖము ఒక్కటే. అది నాలుగు దిక్కులు చూడలేదు. కాని దానిని పట్టినవాడు నాలుగు దిక్కులకు నడువగలడు.

సమితి యనగా జాగ్రత్త

సమితి యనగా లోకమున కమిటీ అని అర్థము. మన శాస్త్రమున అర్థము వేరు. సమితి యనగా జాగ్రత్తతో మెలగుట. అవి అయిదు. ఫోటో తీయువానికి అయిదును పనికివచ్చును.

ఈర్యా సమితి, చూచి నడచుట. కంటికి కెమెరా పెట్టుకొని వెనుకకు అడుగు వేయరాదు. క్రింద చీమల బారు ఉండవచ్చును, పసిబిడ్డ ఉండవచ్చును.

భాషా సమితి, చూచి పలుకుట. “జరుగు, అడ్డము లే” అని కసరరాదు. పెద్దవారిని పిలిచి నిలుపువేళ వరుస కలిపి పిలువవలెను.

ఏషణా సమితి, సాధువులు దోషములేని భిక్షనే స్వీకరించుట. మనకు వర్తించునది యేమనగా, ఇచ్చినదే తీసికొనవలెను. కొందరు సాధు సాధ్వులు ఫోటోకు సమ్మతింపరు. అట్టిచోట సెల్‌ఫోను జేబులోనే యుండవలెను. దుఃఖములో నున్నవారి విషయమునను అంతే.

ఆదాన నిక్షేపణ సమితి, వస్తువును జాగ్రత్తగా ఎత్తి జాగ్రత్తగా పెట్టుట. కెమెరాకును ఇదియే, పాత ఫోటోలకును ఇదియే. ప్రింటును అంచు పట్టుకొని ఎత్తవలెను, బొమ్మపై వ్రేలు పెట్టరాదు.

ఉత్సర్గ సమితి, విడువవలసినదానిని ఎవరికిని బాధ కలుగకుండ విడుచుట. సెల్‌ఫోనులో ఒకే దృశ్యము ముప్పది మార్లు పడియుండును. మంచిది ఒకటి ఉంచి తక్కినవి తీసివేయవలెను. ఎవరినైనను నవ్వులపాలు చేయు ఫోటోను ముందుగా తీసివేయవలెను, నలుగురికి పంపరాదు.

చేయవలసిన పని

శ్వేతాంబర సంప్రదాయము ప్రకారము క్రీస్తు శకము 5వ శతాబ్దమున వలభీ నగరమున దేవర్ధిగణి క్షమాశ్రమణుని ఆధ్వర్యమున సాధువులు కూడిరి. అంతవరకు ఆగమములు గురువు నోట శిష్యుని చెవికి వచ్చుచుండెను. కరవులచేతను కాలముచేతను జ్ఞాపకమున్నవారు తగ్గిపోవుచుండిరి. కనుక ఎవరికి గుర్తున్నది వారు చెప్పగా సరిచూచి గ్రంథస్థము చేసిరి. దానిని వాచన యందురు. మరపు ముంచుకొని వచ్చుచున్నదని తెలిసి కూడిన కూటము అది.

అంతటి మహత్కార్యముతో పోల్చుటకు మన ఫోటోలు తగవు. కాని పద్ధతి నేర్చుకొనవచ్చును. వచ్చు పర్యూషణ పర్వమునకు ప్రతి కుటుంబమును తమ ఇంటి పాత గ్రూపు ఫోటోను ఒకదానిని తెచ్చి బల్లపై పెట్టవలెనని నా మనవి. పెద్దలు కుర్చీలలో కూర్చుండి చూడవలెను, పిల్లలు ప్రక్కన నిలిచి వ్రాయవలెను. ప్రింటు వెనుక గట్టిగా నొక్కక మెత్తని పెన్సిలుతో ఊరు, సందర్భము, తెలిసినంతవరకు సంవత్సరము, ఆపై ఎడమనుండి కుడికి వరుసవారీగా పేర్లు వ్రాయవలెను. తెలియనివారి చోట ఖాళీ ఉంచవలెను, కొట్టివేయరాదు. మన సంఘమువారి పేర్లతో ఆపక, ఫోటోలో నున్న పనివారి పేర్లును అదే వరుసలో అదే అక్షరములతో వ్రాయవలెను. సెల్‌ఫోనులోని ఫోటోలలో ఏటికి పదింటినైనను ప్రింటు వేయించి ఇదే విధముగా వ్రాసి పెట్టవలెను. పోయిన సెల్‌ఫోనుతో పాటు ఎన్ని పెండ్లిండ్లు, ఎన్ని ఉత్సవములు పోయినవో ప్రతి ఇంటికిని తెలియును.

ఖర్చు ఒక పెన్సిలు, ఒక పూట. ఆలస్యము చేసినచో ఎంత ఖర్చు పెట్టినను ఆ పేర్లు దొరకవు. కూడిక సరిగా రావలెనన్న ప్రతి పద్దును వ్రాయవలెను. చదువరులు ఈ పనికి పూనుకొందురు గాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను. జై జినేంద్ర.